పాత ఫియట్ కారు: గుర్తింపు, జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణ మను మాట మనకు దేవాలయముల వలన పరిచితమైనది. కూలిన ప్రాకారమును నిలుపుట, ఒరిగిన ధ్వజస్తంభమును సరిచేయుట, పగిలిన రాతిని మార్చుట, ఇవి యన్నియు ఆ మాటలో ఇమిడి యున్నవి. అయితే పని తెలిసిన స్థపతి మొదటి దినముననే ఉలి చేతబట్టడు. ఏది మొదటి కట్టడము, ఏది తరువాతివారు చేర్చినది అని ముందు చూచి నిర్ణయించుకొనును. నేటి నా ప్రసంగవిషయము దేవాలయము కాదు, మోటారుకారు. ఇటలీదేశమున రూపొంది, మనదేశమున తయారై, ఒక తరమువారి వీధులలో తిరిగిన ఫియట్ కారును గుర్తించుట యెట్లు? దాని మొదటి ఇంజనును తీసి వేఱొకటి పెట్టియుండినచో కనుగొనుట యెట్లు? కనుగొన్న పిమ్మట దానిని ఉద్ధరించుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంత సమాధానము చెప్పెదను.

తెలుగుపండితునకు కార్ల గొడవ యేల యని మీకు తోచవచ్చును. అనకాపల్లిలో బెల్లపు వర్తకము చేయు కుటుంబములోని నా పూర్వశిష్యు డొకడు ఈ పనిని నాకు తగిలించెను. వాని తాత 1970లో ఫియట్ కారు కొనెను. తండ్రి 1990 తరువాత దానిలోని పెట్రోలు ఇంజనును తీయించి, వేఱొక వాహనమునుండి తెచ్చిన డీసెలు ఇంజనును పెట్టించెను. కొడుకు దానిని మరల బాగుచేయింప దలచి, కాగితముల కట్టతో నాయొద్దకు వచ్చెను. "మాస్టారూ, తాటాకు ప్రతులలో ఏది అసలు, ఏది ఎవరో చేర్చినది అని మాకు విప్పి చెప్పేవారు కదా, దీనిని కూడా కొంచెము చూడండి" అనెను. నవ్వుచు అన్న మాటయే యైనను అందు యథార్థ మున్నది. పలుచేతులు మారిన కారు పలువురు లేఖకులు వ్రాసిన ప్రతివంటిదే.

ముందుగా దీని వంశచరిత్రము తెలియవలెను. ఫియట్ సంస్థ ఇటలీలోని టొరినో నగరమున 1899లో స్థాపితమైనది. ఆ సంస్థవారు 1953లో '1100-103' అను కారును వెలువరించిరి. వారి భాషలో దానిని 'మిల్లెచెంతో' అనిరి, అనగా వెయ్యిన్నూఱు. ఇంజను ఘనపరిమాణమును బట్టి వచ్చిన పేరది. దాని రూపకర్త దాంతే జియకోజా అను సుప్రసిద్ధ యంత్రశిల్పి. మనదేశమున వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయి నగరమందలి కుర్లాలో తన కర్మాగారమున 1950 తరువాత ఫియట్ కార్లను కూర్ప నారంభించి, క్రమముగా వాని భాగములను ఇక్కడనే తయారుచేసినది. 1964లో వచ్చిన '1100 డిలైటు' అను రూపమే మనలో పలువురకు కన్నులకు కట్టినట్లుండు ఫియట్. అదియే 1970ల తొలి యేండ్లలో 'ప్రీమియర్ ప్రెసిడెంటు' అనియు, 1974 నుండి చిత్తూరుగడ రాణి పేరిట 'ప్రీమియర్ పద్మిని' అనియు నామాంతరములు దాల్చి 2000 సంవత్సర ప్రాంతము వరకు తయారైనది. ఇటలీలో ఈ వంశము 1969తోనే ముగిసినది. పుట్టింట మఱచిన రూపము మెట్టినింట మఱి ముప్పదియేండ్లు బ్రతికినదన్న మాట. ముంబయి వీధులలో నలుపు పసుపు టాక్సీగా తిరిగిన చివరి పద్మిని 2003 అక్టోబరులో నమోదు కాగా, ఇరువదియేండ్ల గడువు తీఱి 2023 అక్టోబరుతో అచటి టాక్సీలలో పద్మిని శకము ముగిసినది.

ఈ చరిత్రము తెలిసినచో మొదటి పొరపాటు తప్పును. సంతలో కొన్న 'ఫియట్' అను లోహపు అక్షరములను పద్మినికి తగిలించినంత మాత్రమున అది 1965 నాటి ఫియట్ కాజాలదు. ముఖముమీది అక్షరములు, దీపములు, బంపరులు ఊడదీసి మార్చదగినవి. కావున అవి సాక్ష్యములలో కడపటివి. తలుపులు కొంత మెఱుగైన సాక్షులు. గుండ్రని మేనుగల తొలినాటి కార్లలో ముందుతలుపు కీళ్లు నడిమి స్తంభమునకుండి, తలుపు ముందువైపునుండి తెఱచుకొనును; డిలైటు మొదలు కీళ్లు ముందున కుండి నేటి కార్లవలెనే తెఱచుకొనును. అన్నిటికంటె బలవత్తరమైన సాక్ష్యము సంఖ్యలు. కారున కొక ఛాసిస్ సంఖ్య, ఇంజనున కొక సంఖ్య యుండును. బానెట్టు ఎత్తి చూచినచో ఇంజను అఱ వెనుకగోడ ప్రాంతమున మొదటిదియు, ఇంజను దిమ్మమీద రెండవదియు చెక్కబడి యుండును. ఈ రెండింటిని రిజిస్ట్రేషను పుస్తకములోని అంకెలతో సరిచూడవలెను.

ఆ అంకెలు తుప్పుపట్టి చదువరాకున్నచో గీకరాదు. గీకినచో ఉన్న అక్షరము గూడ పోవును. కిరసనాయిలు తడిపిన మెత్తని గుడ్డతో మురికి తీసి, పలుచని కాగితము పఱచి, పెన్సిలుతో మెల్లగా రుద్దవలెను. శాసనపరిశోధకులు రాతిమీది అక్షరములకు అచ్చు తీయునట్లే ఇదియు. మా శిష్యుని కారు ఛాసిస్ సంఖ్యలో చివరి రెండంకెలు ఈ విధముననే చదువ గలిగితిమి.

ఇక ఇంజను మార్పు సంగతి. ఫియట్ కార్లలో ఇది మూడు విధములుగా కానవచ్చును. మొదటిది సజాతీయము: పాత ఫియట్టులో తరువాతి పద్మిని ఇంజనును పెట్టుట. రెండును ఒకే వంశమువి గనుక చూపునకు తేడా కనబడదు. సంఖ్య ఒక్కటే పట్టి యిచ్చును. రెండవది బంధుజాతీయము. ఇదే ప్రీమియర్ సంస్థవారు 1985లో '118 ఎన్‌ఈ' అను కారును తెచ్చిరి. దాని మేను ఇటలీవారి ఫియట్ 124 నుండి వచ్చినది. ఇంజను జపాను దేశపు నిస్సాన్ వారిది. అనగా ఒకజాతి మేనిలో వేఱొకజాతి ఇంజనును కర్మాగారమే ఉంచినది. ఆ ఇంజను పాత ఫియట్టులలోనికి గూడ ప్రవేశించుట కలదు. అప్పుడు దాని గేరుపెట్టె వెంట వచ్చును గనుక, స్టీరింగు క్రింది గేరుకఱ్ఱ నిరుపయోగమై, నేలలో రంధ్రము పడి, అచట క్రొత్తకఱ్ఱ మొలచును. అయితే చివరికాలపు పద్మినులు కొన్ని కర్మాగారమునుండియే నేలమీది గేరుకఱ్ఱతో వచ్చినవి. కావున ఒక్క గురుతును బట్టి తీర్పు చెప్పరాదు. మూడవది విజాతీయము: పెట్రోలు స్థానమున డీసెలు ఇంజను. ఇందును పద్మిని '137 డి' యను డీసెలుకారు కర్మాగారమే తయారుచేసినది గనుక, డీసెలు అగుట మాత్రమే ప్రక్షిప్తమునకు నిదర్శనము కాదు. ఆ యేటి ఆ నమూనాకు డీసెలు కలదా లేదా యని చూడవలెను. 1970 నాటి కారునకు లేదు.

ఇంజనుపై తల విప్పిన పిమ్మట దాని జాతిని లెక్కతో నిర్ణయింపవచ్చును. ఇది హైస్కూలు విద్యార్థి చేయదగిన లెక్క. సిలిండరు వ్యాసమును వర్గముచేసి, 0.7854తో హెచ్చించి, పిస్టను పయనించు దూరముతో హెచ్చించి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చింపవలెను. మన ఫియట్ 1100కు వ్యాసము 68 మిల్లీమీటర్లు, పయనము 75. నాలుగు సిలిండర్లకు లెక్కించిన 1089 ఘన సెంటిమీటర్లు వచ్చును. నిస్సాన్ ఇంజనునకు వ్యాసము 73, పయనము 70, ఫలితము 1171. బోరు చేయించిన ఇంజనులో ఈ సంఖ్య కొంచెము పెరుగును గాని, ఒకజాతి మఱియొకజాతి యగునంత పెరుగదు. ఇందొక చిక్కు కలదు. ఇటలీలో 1962 తరువాతి '1100 డి' కారునకు 72 మిల్లీమీటర్ల వ్యాసముతో 1221 ఘన సెంటిమీటర్ల ఇంజను పెట్టిరి. ఆ పేరుతోనే మనదేశమున తయారైన కారునకు మాత్రము పాత 1089 ఇంజనే నిలిచినది. పేరు ఒకటే కదా యని ఇటలీ గ్రంథమును చూచి పిస్టనులు తెప్పించినవారు డబ్బు పోగొట్టుకొందురు. పేరును గాక కొలతను నమ్మవలెను.

మా శిష్యుని కారులో డీసెలు వచ్చిన జాడలు పెక్కు దొరకినవి. డీసెలునకు నిప్పురవ్వ పుట్టించు కాయిలు, డిస్ట్రిబ్యూటరు అక్కఱలేదు. కాయిలు బిగించిన మఱల రంధ్రములు ఖాళీగా నుండెను. డీసెలు పంపు తనకు మిగిలిన నూనెను ట్యాంకునకు తిరిగి పంపును గనుక, ట్యాంకువఱకు రెండవ గొట్టము పోయి యుండెను. బరువైన ఇంజను వలన ముందు స్ప్రింగులు క్రుంగి, కారు ముక్కు నేలకు దిగెను. ముఖ్యముగా చూడవలసినది వేఱొకటి. ఈ కారున కడుగున విడిగా నుండు ఇనుప చట్రము లేదు. నేల, గోడలు, కప్పు కలిసి ఒకే పెట్టెగా నిలిచి బరువును మోయును. క్రొత్త ఇంజను ఇముడుటకై ఎచటనైన కోసినచో, చొక్కాకు అతుకు వేసినట్లు గాక ఎముకను విఱిచినట్లే యగును. అదృష్టవశమున ఆనాటి మేస్త్రి నేర్పరి. క్రాసుమెంబరును కోయక, ఇనుపపలకలను మఱలతో బిగించి వానిపై ఇంజనును నిలిపెను. అనగా చేసిన పనిని విప్పవచ్చును.

ఇంతవఱకు పరీక్ష. ఇక నిర్ణయము. ఇచటనే ఆ యింట తగవు పుట్టినది. పట్టణమందలి కారుఖానావారు, పాత ఇంజనులు రెండును వదలి నేటి పెట్రోలు ఇంజనును, చల్లనిగాలి యంత్రమును పెట్టుమనిరి. పాతకార్ల పందెములకు పోవు మిత్రుడొకడు, డీసెలు ఇంజనును పాతసామానువానికి తూచి యిచ్చి అసలు ఇంజనును వెదకి పెట్టుమనెను. తల్లి మాత్రము, "మీ తాత ఈ కారు కొన్నారు గాని, పోషించినది మీ నాన్న. పెట్రోలు పోయలేక మూల పడిన దానికి ఈ ఇంజను పెట్టించి, చోడవరము, నర్సీపట్నము తిరిగి, నిన్ను ఇంజనీరింగు చదివించినారు. దానిని తూకానికి ఇస్తావా?" అనెను. కుమారునకు నోట మాట రాలేదు. నాకును వెంటనే సమాధానము తోచలేదు. తల్లి చెప్పినది మమకారమే గాక చరిత్రముకూడ.

మఱియొకవంక చట్ట మున్నది. 1988 నాటి మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను ననుసరించి ఇంజను మార్పునకు అధికారుల అనుమతి వలయును, పుస్తకమున నమోదు కావలెను. తండ్రి ఆ నమోదు చేయించెను. ఇది మెచ్చదగిన పని. మఱియు 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పాతకార్లకు ప్రత్యేక నియమములు చేసినది. ఏబదియేండ్లు నిండి, ఛాసిస్, మేను, ఇంజను విషయమున గణనీయమైన మార్పు పొందక మొదటి రూపముననున్న వాహనములకు 'వింటేజి' నమోదు లభించును. దానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదియేండ్లు, నంబరులో 'వి.ఏ.' అను అక్షరములు. అట్టి వాహనమును నిత్యప్రయాణమునకు గాని, బాడుగకు గాని వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు మాత్రము నడుపవచ్చును. 1970 నాటి కారు వయస్సులో తీరినది, ఇంజనులో తప్పినది. తండ్రి ఇంజను ఉన్నచో ఆ గౌరవము దక్కదు. తీసినచో తండ్రి జ్ఞాపకము పోవును.

ప్రాచీనగ్రంథములను పరిష్కరించువారికి ఇట్టి సంకటము నిత్యము కలుగును. ఒక ప్రతిలో నడుమ ఒక పద్య మున్నది; తక్కిన ప్రతులలో లేదు. అది ఎవరో చేర్చినదని తేలెను. మంచి పరిష్కర్త దానిని మూలమున ఉంచడు, చింపియు వేయడు. పుట అడుగున ఇచ్చి, ఏ ప్రతిలో నున్నదో వ్రాయును. చేర్చినవానికిని ఒక కాలము, ఒక అవసరము ఉండెనని అట్లు తెలియును. నేను చెప్పినదియు అంతియే. మూడు ప్రశ్నలు వేసికొనుమంటిని. నీవు తిరిగి పెట్టదలచిన దానికి సాక్ష్య మున్నదా? నీవు చేయు పనిని రేపు మఱియొకడు విప్పగలడా? చేసినది యెల్ల వ్రాసి యుంచెదవా? ఈ మూటికిని అవునని చెప్పగలిగినచో పని చేయుము. ఒకదానికి కాదన్నను ఆగుము. నేటి ఇంజను పెట్టుటకు గోడ కోయవలసి యుండెను. అది రెండవ ప్రశ్నయొద్దనే ఆగిపోయెను.

అసలు ఇంజను వారి బెల్లపు గిడ్డంగిలోనే, గోనెసంచుల క్రింద దొరకెను. తండ్రి దానిని అమ్మలేదు. సంఖ్య పాత పుస్తకముతో సరిపోయెను. ఆ పుస్తకమును, ఆ దిమ్మను ప్రక్కప్రక్కన చూచి తల్లి, "ఆయనకు తెలుసును, ఎప్పటికైనా నీవు వెదకుతావని" అనెను. తగవు అంతటితో తీఱెను.

పని జరిగిన క్రమమును చెప్పెదను, ఇతరులకు ఉపకరింపవచ్చును. విప్పుటకు ముందు నాలుగువైపుల, అడుగున, బానెట్టు క్రింద ఫోటోలు తీసిరి. విప్పిన ప్రతి మఱను చీటీ కట్టిన డబ్బాలో ఉంచిరి. రెండవది తుప్పు. సముద్రపుగాలి తగులు మన ప్రాంతమున తలుపుల క్రింది గుమ్మములు, నేలరేకు ముందుగా తినబడును. రంగు నున్నగా నున్నచోటనే అనుమానింపవలెను. అయస్కాంతము పట్టినచో రేకు, పట్టనిచో పుట్టీ. తినబడిన రేకును కోసి క్రొత్తరేకు వెల్డింగు చేయించిరి, పుట్టీతో పూడ్చలేదు. మూడవది రంగు. డాష్‌బోర్డు వెనుక, సీటు క్రింద, ఎండ సోకనిచోట రంగుపొరలను మెల్లగా తీయగా అన్నిటికడుగున బూడిదవన్నె బయటపడెను. అదియే వేయించిరి.

నాలుగవది ఇంజను. దీని దిమ్మ పోతయినుము, తల అల్యూమినియము. ఈ రెండు లోహముల నడుమ ఉప్పునీరు చేరినచో అల్యూమినియము క్రమముగా కరగిపోవును. నూతినీరు పోసి నడిపిన ఫలముగా ఈ తల పనికిరాకుండెను. దానిస్థానమున పద్మిని తలను అమర్చి, ఆ సంగతి పుస్తకమున వ్రాసిరి. సిలిండర్లు అరిగియుండగా లేతు షెడ్డులో బోరు చేయించి, తగిన పిస్టనులు వేసిరి. కవాటముల పీటలను గట్టిలోహముతో చేయించిరి. ఏలన, 2000 ఫిబ్రవరి నుండి మనదేశమున సీసము లేని పెట్రోలే లభించుచున్నది, సీసము వలన పాతపీటలకు కలుగు రక్షణ నేడు లేదు. ఇంధనపు గొట్టముల రబ్బరునెల్ల మార్చిరి. 2025 నాటికి మన బంకులలోని పెట్రోలులో నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు చేరినది. అది పాతరబ్బరును చెఱుచును, తేమను పీల్చును. ఆ ఇథనాలులో కొంత చెఱకునుండియే పుట్టును. చెఱకు, బెల్లముతో పెరిగిన మా ఊరి కారు చెఱకుసారమునకు వెఱవవలసి వచ్చుట వింతయే.

ఐదవది నిలుపుశక్తి. ఈ కారు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. నలుబది గుఱ్ఱపుశక్తి ఇంజనునకు అవి సరిపోవును. ఇంజను శక్తిని రెట్టించి బ్రేకులను మఱచువారు కలరు. పరుగును మాత్రము పెంచి ఆగుటను పెంచకపోవుట ప్రాణాపాయము. ఎవరైన ఇంజను మార్చి నడుపదలచినచో, బ్రేకులు, స్ప్రింగులు, స్టీరింగు ఆ బరువునకు, ఆ వేగమునకు తగియున్నవా యని ముందు చూడవలెను.

కారు నేడు తన మొదటి ఇంజనుతో నడచుచున్నది. ఇంజను మార్పు నమోదు చేయించి, వింటేజి నమోదునకు దరఖాస్తు పెట్టిరి, నిర్ణయము అధికారులది. డీసెలు ఇంజను శుభ్రపడి, నూనె పూసుకొని, గిడ్డంగిలో కొయ్యపీఠముపై నున్నది. దాని బిగింపు పలకలు, గొట్టములు ప్రక్కనే ఉన్నవి. కారులోనుంచిన పుస్తకమున మూడు పుటలు: తాత ఏమి కొనెను, తండ్రి ఏమి మార్చెను, ఎందుకు మార్చెను, కొడుకు ఏమి తిరిగి పెట్టెను, ఏమి పెట్టలేకపోయెను. మూడవ పుటలో 'ఈ తల అసలుది కాదు' అను వాక్యమున్నది.

శ్రోతలారా, మీ యిండ్లలో ఫియట్టు లేకపోవచ్చును. తాతలనాటి సైకిలో, గడియారమో, కుట్టుమిషనో, నూనెగానుగయో ఉండవచ్చును. దానిని బాగుచేయింప దలచినపుడు క్రొత్తదానివలె మెఱయవలెనని తొందరపడకుడు. అది ఎవరిచేత ఎట్లు పుట్టెను, నడుమ ఎవరు ఏ యవసరమునకు ఏమి మార్చిరి అని ముందు చదువుడు. పోయినదానిని సాక్ష్యముతో తిరిగి తెండు. చేర్చినదానిని తీసినచో పాఱవేయకుడు. చేసినదెల్ల వ్రాసి యుంచుడు. మన తరువాత ఆ వస్తువు నందుకొనువాడు మనలను గూడ చదువుకొనవలసి యుండును గదా.